కారణం: తెలియలేదు

బోయిగూడ, సికింద్రాబాద్
9 జులై 2012, సోమవారం

ప్రేమగల జకర్యా మావయ్యకు షెకీనా వందనాలు.

మీ కార్డు అందింది. కొండ మీద ఆ మిషన్ ఆసుపత్రి జనరేటరు అప్పుడే మీ మాట వింటోందని చదివి నవ్వుకున్నాను. కార్డు ముందు అమ్మ చేతికే వచ్చింది. రెండు వైపులా తిప్పి చదివి, "మీ మావయ్య రాశాడు. నీకే" అని నా కీబోర్డు మీద పడేసి వెళ్ళింది. తన పేరు ఎక్కడైనా ఉందేమో చూసుకుందని నా అనుమానం. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఇంకా ఎన్నాళ్ళు ఇలా మూతి ముడుచుకుని ఉంటారో మీకే తెలియాలి.

సరే, నా గోల వినండి. మీకు ఫోన్ సిగ్నల్ లేదు, ఆసుపత్రి ఫోను వానలకి చచ్చింది కనుక కాగితం పట్టాను. కాలేజీ వదిలాక చేత్తో ఇంత రాయడం ఇదే.

మీరు వెళ్ళిన రోజే నా నాలుగు వర్చువల్ మెషీన్లు మొదలుపెట్టాను కదా. అమ్మ అడిగితే ఇలా చెప్పాను: ఇల్లు ఒకటే, అందులో నలుగురు అద్దెకున్నారు, ఎవరి పొయ్యి వారిదే. ఇల్లంటే కింద నా కంప్యూటరు. నలుగురి సామానూ మాత్రం మేడ మీద మీ గదిలో ఉన్న స్టోరేజి పెట్టెలో ఉంటుంది, తీగ మీద తెచ్చుకుంటారు. "మరి సామాను వాళ్ళింట్లోనే పెట్టుకోవచ్చుగా" అంది అమ్మ. అంత చోటు లేదమ్మా అన్నాను.

పదిహేను రోజులు బంగారంలా నడిచాయి. జూన్ 26 నుంచి రోజూ తెల్లారకముందే పడిపోతున్నాయి. నేను ఏడింటికి లేచి చూసేసరికి నలుగురూ బిగుసుకుపోయి ఉంటారు. సామాను కనబడలేదు అన్న ఒక్క మాటే లాగ్‌లో. విచిత్రం ఏమిటంటే పైన పెట్టె ఆగలేదు, కింద కంప్యూటరూ ఆగలేదు. రెంటికీ యూపీఎస్‌లు ఉన్నాయి. తీగ ఎలకలు కొరికాయేమోనని కొత్తది వేయించాను. మర్నాడు మళ్ళీ పడ్డాయి.

మాదాపూర్ కంపెనీ వాళ్ళు ఆగస్టు 13 సోమవారం పొద్దున తొమ్మిది నుంచి గురువారం తొమ్మిది దాకా బయటినుంచి నా మెషీన్లలోకి వచ్చి చూస్తారు. డెబ్బై రెండు గంటల్లో ఒక్కటి ఒక్కసారి పడినా అంతే. ఎనిమిది నెలల నుంచి ఇంట్లో కూర్చున్నాను మావయ్యా. ఇది నాలుగో కంపెనీ. ఇదీ పోతే అమ్మ తను పనిచేసిన చర్చి స్కూల్లోనే గుమాస్తా ఉద్యోగం చూసిపెట్టింది, హాజరుపట్టీలు రాయడానికి. ఆగస్టు పదిహేనులోగా జవాబు చెప్పాలట. చెడ్డ ఉద్యోగమని కాదు. అందులో చేరితే నేను మళ్ళీ ఈ పనిలోకి రాలేనని నాకు తెలుసు.

ఏం చేయాలో త్వరగా రాయండి.

మీ మేనకోడలు
షెకీనా

*

ఆసుపత్రి క్వార్టర్సు, మారేడుమిల్లి కొండలు
13 జులై 2012

చిరంజీవి షెకీనాకు మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది, అయినా నీ కంగారు చెక్కు చెదరలేదు. ముందు స్థిమితపడు. రైల్వే సిగ్నల్ టెలికంలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. మెషీను ఊరికే పడదు తల్లీ. మనకి తెలియకుండా పడుతుందంతే.

మా డిపార్టుమెంటులో ఒక పద్ధతి ఉంది. స్క్రూడ్రైవరు తీయకముందు ఫెయిల్యూర్ రిజిస్టరు తీస్తాం. నువ్వూ అదే చెయ్యి. రూళ్ళ నోటుపుస్తకం ఒకటి కొని గడులు గియ్యి. తేది, టైము, పడింది ఏమిటి, ఇంట్లో ఎవరున్నారు, ఏం జరుగుతోంది, కారణం, రిమార్కులు. కారణం తెలియకపోతే "తెలియలేదు" అని రాయాలి. ఊహలు రాయకూడదు. ఒకసారి కాజీపేట సెక్షన్లో మేస్త్రి ఒకడు వారం రోజులు "పిడుగు" అని రాశాడు, తీరా చూస్తే పందికొక్కు. రిజిస్టరు ఎప్పుడూ మెషీను పక్కనే ఉండాలి, అంటే పైన నా గదిలో, పెన్ను దారంతో కట్టి. కిందకి తెచ్చి దిండు కింద పెట్టుకోకు.

పెట్టెలో మెమరీ కడ్డీలు రెండున్నాయి. ఒకటొకటిగా తీసి చూడు. అంతకంటే ముఖ్యం, డిస్కులు పరీక్ష పెట్టు. నాలుగు డిస్కుల ఫలితం అంకెలతో సహా రాయి. డిస్కుల సంగతి మర్చిపోకు. మిగతావి తర్వాత, ముందు డిస్కులు.

ఇక్కడ జోరుగా వాన. జనరేటరు బాగుంది, ఎక్స్‌రే మెషీను మాత్రం నాతో ఇంకా పరాయిగానే ఉంటోంది. ఇంట్లో అందరూ క్షేమమే కదా. మోకాళ్ళ నొప్పులు అవీ ఎవరికైనా ఉంటే వానాకాలంలో మేడ మెట్లు జాగ్రత్త.

ఇట్లు
జకర్యా

*

బోయిగూడ
22 జులై 2012, ఆదివారం

మావయ్యకు వందనాలు.

"ఇంట్లో అందరూ", "ఎవరికైనా" అని రాశారు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం. నా మోకాళ్ళు భేష్. అమ్మవి ఎలా ఉన్నాయో మీరే అడగండి.

ఇదిగో మీ రిజిస్టరు.

18 బుధ, 5.11, నాలుగూ. కారణం తెలియలేదు.
19 గురు, 5.08, నాలుగూ. తెలియలేదు.
20 శుక్ర, పడలేదు.
21 శని, పడలేదు.
22 ఆది, 4.26, నాలుగూ. తెలియలేదు.

ఇంట్లో ఎవరున్నారు అన్న గడి ఖాళీగా వదిలేశాను. ఇంట్లో ఉండేవాళ్ళే ఉన్నారు, గవర్నరు గారేం రాలేదు.

మెమరీ కడ్డీలు తీసి చూశాను, తేడా లేదు. ఎలక్ట్రీషియన్ యాదగిరిని పిలిచి వైరింగ్ చూపించాను. మధ్యాహ్నం వచ్చి బోర్డులన్నీ టెస్టరుతో పొడిచి, "ఏందీ మేడమ్, గీడ కరెంట్ మంచిగనే ఉన్నది. ఉత్తగ ఉన్నప్పుడు ఏం తెలుస్తది? లోడు పడ్డప్పుడు జెర చూడాలె" అన్నాడు. మేడ మీద లోడెక్కడిది, మా మావయ్య ఊళ్ళోనే లేడు అన్నాను. "అయితె పరేషాన్ గాకుండ్రి" అని వెళ్ళిపోయాడు. పరేషాన్ కాక ఏం కావాలి?

శుక్రవారం, శనివారం మాత్రం నేనే కాపలా కాశాను. నాలుగింటికే అలారం పెట్టుకుని మీ గదిలో, పెట్టె ముందు, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. రెండు రోజులూ చీమ చిటుక్కుమనలేదు. అమ్మ మెట్ల మీద సగం దాకా వచ్చి, లైటు చూసి, "నువ్వున్నావా" అని వెనక్కి తిరిగింది. ఇవాళ ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను, పడిపోయాయి! అదీ ఆదివారమని ముప్పావుగంట ముందే. కాపలా ఉంటే పడదు, కన్ను మూస్తే పడుతుంది. ఇదేం మెషీను మావయ్యా, దొంగలా ఉంది. నాకు ఏడుపొస్తోంది.

డిస్కుల ఫలితం అడిగారు. మూడు శుభ్రంగా ఉన్నాయి. మూడో నంబరు డిస్కులో ఎనిమిది మచ్చలు, అంటే పాడైన చోట్లు, చూపించింది. ఎనిమిదే కనుక ఫరవాలేదనుకుంటాను.

ఇక్కడ ఇంకో తగువు. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడో, తక్కువ పోస్తున్నాడో గానీ పొద్దున కాఫీకే పాలు చాలడం లేదు. అమ్మని అడిగితే పాలవాడిని తిడుతుంది. సింకులో రోజూ రెండు టీ కప్పులు. ఈ వయసులో అంత టీ తాగితే కడుపులో మంట రాదా అంటే, "నా కడుపు నాది" అంటుంది. ఇంట్లో ఒక్కటీ తిన్నగా లేదు.

ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

షెకీనా

*

మారేడుమిల్లి కొండలు
26 జులై 2012

షెకీనాకు,

ఎనిమిది మచ్చలు ఫరవాలేదా? ఎవరు చెప్పారు నీకు? ఇవాళ ఎనిమిది, రేపు ఎనభై అవుతుంది. నీ నాలుగు మెషీన్లు ఇరవై నాలుగు గంటలూ ఆ డిస్కులనే దున్నుతున్నాయి. అవి నేను ఎందుకు కొన్నానో నీకు తెలుసు. నీ ప్రయోగాలకి కాదు.

ఈ ఉత్తరం అందగానే నీ మెషీన్లు ఆపెయ్యి. పెట్టెకి కరెంటు తీసెయ్యి. ఆగస్టు ఆఖర్లో నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది, నేను వచ్చి చూస్తాను. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు.

రిజిస్టరులో గడులు ఖాళీగా వదలడం మా సర్వీసులో తప్పు. ఇంట్లో ఎవరున్నారని అడిగితే వేళాకోళం కాదు. రాసి ఉంటే పనికొచ్చేది.

జకర్యా

*

బోయిగూడ
30 జులై 2012, సోమవారం

మావయ్యకు,

మీ ఉత్తరం ఇప్పుడే చదివాను. చదివి మేడెక్కి, పెట్టె ప్లగ్గు మీద చెయ్యి వేసి, తీయకుండా దిగి వచ్చాను. తీయను.

ఆగస్టు ఆఖర్న వచ్చి చూస్తారా? నా పరీక్ష పదమూడున! మొదటి ఉత్తరంలోనే రాశాను. మీ కళ్ళకి డిస్కులు తప్ప ఇంకేం కనబడలేదు. చిన్నప్పుడు రేడియో విప్పించి, మళ్ళీ బిగించేదాకా అన్నం తిననివ్వకుండా ఈ పిచ్చి పట్టించింది ఎవరు? ఇప్పుడు "నీ ప్రయోగాలు" అంటారా?

ఎందుకు కొన్నారో నాకు తెలుసు. తాతయ్య చర్చి ఉపదేశిగా ఊరూరా తిరుగుతూ రాసుకున్న పన్నెండు నోటుపుస్తకాలు పేజీ పేజీ ఫొటోలు తీసి అందులో పెట్టారు. పెట్టి ఊరుకున్నారా? అంతా పెట్టెలో భద్రంగా ఉందని, చెదలు పట్టిన కాగితాలు ఎందుకని, అమ్మని ఒక్క మాట అడక్కుండా తూకానికి రద్దీ కొట్లో వేసేశారు. "నాన్న చేతిరాత కిలోల లెక్కన తూయించావా తమ్ముడూ" అని అమ్మ ఆ రోజు అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ గది గడప తొక్కితే ఒట్టు అంది. మీరు బట్టలు సర్దుకుని కొండెక్కారు. మీ ఇద్దరి పంతం మధ్య నేను నలిగిపోతున్నాను. ఇప్పుడు ఆ కాగితాల బొమ్మల కోసం నా బతుకు ఆపెయ్యమంటున్నారు.

గడులు ఖాళీగా వదలడం తప్పన్నారు కదా. తీసుకోండి, ఒక్క గడి వదలకుండా నింపాను.

23 సోమ, 5.10. నేను నిద్ర. అమ్మ ఇంట్లో, ప్రార్థన వేళ.
24 మంగళ, 5.09. నేను నిద్ర. అమ్మ ఇంట్లో. వాన.
25 బుధ, పడలేదు. నేను నిద్ర. అమ్మ స్త్రీల మైత్రి కూడికలకని గుంటూరులో.
26 గురు, పడలేదు. అమ్మ ఇంకా గుంటూరులోనే. నేను ఉపవాసం, వంట రాక.
27 శుక్ర, 5.12. అమ్మ వచ్చింది. మెషీన్లు పడ్డాయి.
28 శని, 5.10. నేను నిద్ర. అమ్మ పాలవాడితో తగువు.
29 ఆది, 4.25. మొదటి ఆరాధనకి వెళ్ళేరోజు, అమ్మ త్వరగా లేచింది. నేను నిద్ర.
30 సోమ, 5.10. నేను నిద్ర. అమ్మ ఇంట్లో.
కారణం అన్నిటికీ ఒకటే: తెలియలేదు. రిమార్కులు: మావయ్యకి నా మీద నమ్మకం లేదు.

చాలా?

షెకీనా

*

మారేడుమిల్లి కొండలు
3 ఆగస్టు 2012, శుక్రవారం

బంగారు తల్లి షెకీనాకు మావయ్య రాస్తున్నది,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి సిగ్గేసింది. మూడోసారి చదివాక ఆసుపత్రి వెనక బండ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకో చెబుతాను, తొందరపడకు.

ముందు నా తప్పు ఒప్పుకోనీ. నాన్న పుస్తకాలకి రెండో ప్రతి లేదు. ఆ పెట్టెలో ఉన్నదే. "ఒక్క తీగ మీద బండి నడపకూడదు" అని కుర్రవాళ్ళకి పాఠాలు చెప్పినవాడిని, నాన్న రాతని ఒక్క పెట్టెలో పెట్టి కాగితం పారేశాను. అక్క అరిచిన మర్నాడు పొద్దున్నే సీతాఫల్‌మండి రద్దీ కొట్టుకి పరుగెత్తాను. లారీ ముందురోజే మిల్లుకి వెళ్ళిపోయిందన్నాడు. గోనెలన్నీ కుమ్మరించి వెతికాను, ఒక్క అట్ట కూడా దొరకలేదు. ఆ మాట అక్కతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే కొండెక్కాను తల్లీ, జనరేటరు కోసం కాదు. నువ్వు ఎనిమిది మచ్చలని రాయగానే నాన్న రాత ఉన్నదీ పోతుందనుకున్నాను. ఆ భయంలో నీకు అలా రాశాను. క్షమించు.

ఇక నీ మెషీన్ల సంగతి.

మొన్న ఇక్కడ ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ డాక్టరమ్మ కంప్యూటరు ఆగిపోతోందని పిలిచారు. చూస్తే కంప్యూటరుకి ఏమీ కాలేదు. ఎక్స్‌రే ఒక్కసారిగా కరెంటు లాగితే, అదే లైను మీద ఉన్న చిన్న డబ్బా, తీగలన్నీ కలిసేది, ఆగి మళ్ళీ లేస్తోంది. ఆ నిమిషం దారి లేదు. అది సరిచేసి వచ్చి నీ ఉత్తరం విప్పాను.

నా గదిలోనూ ఉంది అలాంటిదే, నీలం డబ్బా. పెట్టెకి యూపీఎస్ పెట్టాను, నీ కంప్యూటరుకి పెట్టించాను, మధ్యలో దాన్ని మాత్రం గోడ బోర్డుకే వదిలేశాను. యాదగిరి సరిగ్గానే చెప్పాడు, లోడు పడ్డప్పుడు చూడాలని. ఆ బోర్డు మీద అంత కరెంటు లాగే వస్తువు ఒక్కటే, టీ నీళ్ళు కాచే నా కరెంటు కెటిల్. ఇదివరకూ కెటిల్ పెట్టినప్పుడల్లా ఆ డబ్బా పడే ఉంటుంది. అప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఎవరూ లేరు కనుక మనకి తెలియలేదు.

మామూలు రోజుల్లో అయిదూ పది. ఆదివారం నాలుగూ పాతిక. నువ్వు పైన కూర్చుంటే పడదు. మీ అమ్మ గుంటూరు వెళితే పడదు. రెండు కప్పులు, చాలని పాలు. తల్లీ, నువ్వు అన్ని గడులూ నింపి, నింపినది చదువుకోలేదు.

మా అమ్మ పోయిన దగ్గరనుంచి, పందొమ్మిదేళ్ళుగా, అక్కా నేనూ రోజూ ఆ వేళకి నా గదిలో కూర్చుంటాం. ముందు టీ, తర్వాత ఒక కీర్తన, తర్వాత వాక్యం. నేను వచ్చేశాక గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది కదా, పదిహేను రోజులు ఉండబట్టింది పాపం. తర్వాత మోకాళ్ళ నొప్పులతో చీకట్లో ఆ మెట్లెక్కుతోంది. నా కోసం అని నేను అనుకోవడం లేదు. నాన్న రాత ఆ పెట్టెలో ఉందని నేనే చెప్పాను. ఆన్ చేసి చూడ్డం తనకి రాదు. పక్కన కూర్చుంటోంది.

ఇప్పుడు నువ్వు చేయవలసింది. నీలం డబ్బా ప్లగ్గు గోడ బోర్డునుంచి తీసి పెట్టె వెనక యూపీఎస్‌లో గుచ్చు. అంతే పని. కెటిల్ జోలికి పోకు. అమ్మని ఏమీ అడక్కు, తెలిసినట్టు కనబడకు. మీ అమ్మ సంగతి నీకు తెలుసు, పట్టుబడిందని తెలిస్తే మళ్ళీ ఆ మెట్లెక్కదు. నీ మెషీన్లూ నిలబడాలి, అక్కా పైకి వెళుతూనే ఉండాలి. నాకు రెండూ కావాలి.

పరీక్ష అయ్యాక, అయ్యాకే, నాన్న పుస్తకాలు వేరే డిస్కులోకి ఒక కాపీ తియ్యి. వీలైతే ఒక పేజీ కాగితం మీద అచ్చు తీయించి టేబులు మీద ఉంచు. ఎవరు పెట్టారో చెప్పకు.

ఈ ఉత్తరం పదమూడులోగా నీకు అందాలని పొద్దున నుంచి ప్రార్థన చేస్తున్నాను. పోస్టుమాను వెంట బస్సు దాకా నేనే నడిచి ఇచ్చి వస్తాను.

నీ మీద నమ్మకం ఎప్పుడూ ఉంది.

మావయ్య

*

బోయిగూడ
16 ఆగస్టు 2012, గురువారం

ప్రేమగల మావయ్యకు,

మీ ఉత్తరం ఏడో తేదీ మధ్యాహ్నం వచ్చింది. అమ్మ మోండా మార్కెట్‌కి వెళ్ళిన వేళ, నా అదృష్టం. సాయంత్రం లోపల ప్లగ్గు మార్చేశాను. ఒక్క ప్లగ్గు! నెలన్నర నుంచి నేను మింగని అన్నానికి ఒక్క ప్లగ్గు. ఎనిమిది, తొమ్మిది, పది, పడలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మూడు రోజులు బాగుండి నాలుగో రోజు పడవని ఏముంది?

సోమవారం తొమ్మిదికి వాళ్ళు లోపలికి వచ్చారు. ఆ రోజు రెండుసార్లు కరెంటు పోయింది, యూపీఎస్‌లు కాపాడాయి. మంగళవారం తెల్లవారుజామున నేను కింద స్క్రీను ముందు, లైటు తీసేసి, కళ్ళార్పకుండా కూర్చున్నాను. సరిగ్గా అయిదూ ఎనిమిదికి మెట్ల మీద అడుగులు. మెల్లగా, ఒక్కో మెట్టుకి ఆగుతూ. తర్వాత తలుపు కిర్రుమంది. మావయ్యా, వెళ్ళి ఆ చేతిలో కెటిల్ లాక్కుందామన్నంత భయం వేసింది. మీ మాట మీద కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. అయిదూ పది. నా నాలుగు ఆకుపచ్చ దీపాలూ అలాగే ఉన్నాయి. అయిదూ పన్నెండు. ఉన్నాయి. పైనుంచి అమ్మ గొంతు సన్నగా వినబడింది, కీర్తన. నాకు తెలియకుండానే నేనూ కింద కలిపాను.

ఇవాళ తొమ్మిదికి డెబ్బై రెండు గంటలు నిండాయి. ఒక్కటీ ఒక్కసారీ పడలేదు. పదకొండింటికి ఫోను చేసి సోమవారం సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మన్నారు. అమ్మతో చెప్పాను. "మరి స్కూలు వాళ్ళకి నేను నిన్ననే వద్దని చెప్పేశానులే" అంది, చింతపండు గింజలు తీస్తూ. ఎలా చెప్పావు, పరీక్ష అవకుండానే అన్నాను. గింజల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు మేడెక్కాను, రిజిస్టరులో ఆఖరి వరస రాసి మూసేద్దామని. మీరు చెప్పినట్టే పెట్టె పక్కనే ఉంది, పెన్ను దారంతో కట్టి. రోజూ తెల్లవారుజామున అమ్మ దాని ఎదురుగానే కూర్చుంటోందన్న సంగతి మీకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ముప్పై ఏళ్ళు టీచరు కదా, ఎదురుగా పట్టీ ఉంటే చదవకుండా ఉంటుందా!

నేను ఏడో తేదీతోనే రాయడం ఆపేశాను, అప్పటికి మెషీన్లు పడిన రోజుల నీలం సిరా వరసలు పదిహేడు. అన్నిటిలోనూ "తెలియలేదు" అన్న మాట ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. పక్కన ప్రతి వరసలో, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే ఆ గుండ్రటి చేతిరాతతో అమ్మ తన పేరే వేసుకుంది: "ఆలిస్. కెటిల్." పదిహేడుసార్లు, ఒక్కటీ వదలకుండా. నేను "మావయ్యకి నా మీద నమ్మకం లేదు" అని రాసిన చోట "అసందర్భం" అని ఉంది.

చదివి కూడా మెట్లెక్కడం మానలేదు మావయ్యా. డబ్బా ప్లగ్గు మార్చి ఉందని తనూ చూసి ఉంటుంది. నేను మీరు చెప్పిన తాతయ్య పేజీ అచ్చు తీయించాను, టేబులు మీద పెడుతున్నాను. రెండో ప్రతి వేరే డిస్కులోకి ఎక్కుతోంది, రాత్రికి పూర్తవుతుంది. రద్దీ కొట్టు సంగతి మాత్రం నేను చెప్పను. అది మీరే వచ్చి చెప్పాలి.

ఆఖర్న ఇవాళ్టి తేదీతో ఒక వరస ఉంది. నేను రాయకముందే రాసేసింది. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

"16-8-12. టైము 5.10. పడింది: ఏమీ లేదు. ఇంట్లో ఉన్నవారు: ఆలిస్, షెకీనా. జరుగుతున్నది: టీ, రెండు కప్పులు. కారణం: అలవాటు. రిమార్కులు: రెండో కప్పు రోజూ పారబోస్తున్నాను. పాలు దండగ. సంబంధిత ఉద్యోగి వెంటనే డ్యూటీకి హాజరు కావలెను."

మీ మేనకోడలు
షెకీనా